పన్ను ప్రశ్నలు: కానుకకు మినహాయింపు వస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు చర్చి కానుకల గురించే కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం. ఇక్కడి సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2026 మార్చి 31తో ముగిసిన ఏడాదికి వేసే రిటర్నుకు అవే చెల్లుతాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లో ఉంది. అందులో 80జి (విరాళాలు ఇచ్చినవారికి మినహాయింపు ఇచ్చే సెక్షన్) సంగతి 133వ సెక్షన్‌లోకి వెళ్లింది.

ప్రశ్న: నెలకు రూ.5,000 చొప్పున ఏడాదికి రూ.60,000 దశమభాగం మా సంఘం ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపుతున్నాను. మాది రిజిస్టరైన సొసైటీ. 12ఎ కూడా ఉందని కోశాధికారి చెబుతున్నారు. రిటర్నులో 80జి కింద చూపించుకోవచ్చా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: కుదరదండి. కోశాధికారి గారు చెప్పింది నిజమే అయినా అది మీ ప్రశ్నకు జవాబు కాదు. 12ఎ (ఇప్పుడు 12ఎబి) రిజిస్ట్రేషన్ ఉంటే సంఘానికి వచ్చే కానుకల మీద సంఘం పన్ను కట్టనక్కర్లేదు. ఇచ్చినవారికి మినహాయింపు రావాలంటే సంస్థకు విడిగా 80జి ఆమోదం కావాలి. మొదటిది పుచ్చుకునేవారికి, రెండోది ఇచ్చేవారికి. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం మంది లెక్క తప్పుతోంది.

ఆరాధన కోసమే నడిచే సంఘానికి 80జి ఆమోదం రాదు. ఫలానా మతం వారికో కులం వారికో మేలు చేయడానికే పెట్టిన సంస్థ అయితే ఆ సెక్షన్ వర్తించదు. పూర్తిగా గానీ, దాదాపు పూర్తిగా గానీ మతపరమైన ఉద్దేశాన్ని ధర్మకార్యంగా లెక్కించకూడదని కూడా ఆ సెక్షనే చెబుతుంది. గుడికైనా మసీదుకైనా ఇదే రూలు. కాబట్టి ఆదివారం కానుక, దశమభాగం, స్తోత్ర కానుక, అయ్యగారి (పాస్టరు) జీతం నిధి, మందిర నిర్మాణ నిధి... వీటిలో ఏదీ 80జి కిందికి రాదు.

ఈ రూలుకు ఒక్క సడలింపు ఉంది. చారిత్రక, పురావస్తు, కళా ప్రాముఖ్యం ఉన్నదనో, రాష్ట్రమంతటా పేరున్న ఆరాధనా స్థలమనో కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన చర్చి అయితే, దాని మరమ్మతుకు, పునరుద్ధరణకు ఇచ్చిన సొమ్ములో 50 శాతానికి పరిమితితో మినహాయింపు ఉంటుంది. మెదక్ కెథడ్రల్ అంతటి మందిరమైనా సరే పేరు ప్రఖ్యాతులు చాలవు. గెజిట్ నోటిఫికేషన్ నంబరు, తేదీ రసీదు మీద చూపించగలగాలి. ఆ సొమ్ము కూడా మరమ్మతుకే పోవాలి. అక్కడి ఆదివారం కానుకకు ఈ సౌలభ్యం లేదు.

మరి పన్ను తగ్గే దారి ఏది? చాలా డయాసిస్‌లకు (బిషప్ కింద ఉండే సంఘాల పరిధి), మిషన్లకు ఆసుపత్రి, స్కూలు, హాస్టలు, వృద్ధాశ్రమం నడిపే వేరే ట్రస్టో సొసైటీయో ఉంటుంది. కుల మత భేదం లేకుండా అందరినీ చేర్చుకునే సంస్థ అయితే దానికి 80జి ఆమోదం ఉండే అవకాశం ఉంది. మీరు ఎలాగూ పేద పిల్లల చదువుకో వైద్యానికో ఇవ్వాలనుకున్న భాగాన్ని అటు పంపండి. దశమభాగాన్ని దశమభాగంగానే సంఘానికి ఇవ్వండి. అది మొత్తం జీతం మీద లెక్కించాలా, చేతికొచ్చిన జీతం మీదా అన్నది అయ్యగారిని అడగాల్సిన ప్రశ్న, మమ్మల్ని కాదు.

ప్రశ్న: నా జీతం ఏడాదికి రూ.15 లక్షలు. కొత్త పన్ను పద్ధతిలో (రేట్లూ తక్కువ, మినహాయింపులూ తక్కువ) ఉన్నాను. మిషన్ ఆసుపత్రి ట్రస్టుకు లక్ష రూపాయలు ఇచ్చాను, 80జి రసీదు ఉంది. పాత పద్ధతికి మారితే లాభమా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: లక్షకు ఆశపడి మారితే నష్టపోతారు. కొత్త పద్ధతిలో 80జి మినహాయింపు లేదు, నిజమే. కానీ లెక్క చూడండి.

కొత్త పద్ధతిలో రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా రూ.14,25,000 మిగులుతుంది. పన్ను రూ.93,750, 4 శాతం సెస్ కలిపితే రూ.97,500.

పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000, 80సి (పీఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపులు) కింద రూ.1,50,000, ఆరోగ్య బీమా రూ.25,000 తీసేసి, మీ లక్షలో సగం 80జి కింద తీసేస్తే రూ.12,25,000. పన్ను, సెస్ కలిపి రూ.1,87,200. ఇంటి అప్పు వడ్డీ రూ.2 లక్షలు కూడా ఉందనుకున్నా రూ.1,24,800 దగ్గర ఆగుతుంది. ఆ పైన ఇంటద్దె అలవెన్సు లాంటిది ఇంకో రూ.1,21,000 దాకా దొరికితే గానీ రెండూ సమానం కావు.

అందుకని ముందు విరాళం సంగతి పక్కనపెట్టి ఏ పద్ధతి లాభమో తేల్చుకోండి. ఇంటద్దె, ఇంటి అప్పు, 80సి అన్నీ కలిసి పాత పద్ధతే లాభమనిపించినవారికి మాత్రమే 80జి నిజంగా పనికొస్తుంది. అలాంటివారు 30 శాతం శ్లాబులో ఉండి లక్ష ఇస్తే రూ.15,600, 20 శాతం శ్లాబులో ఉంటే రూ.10,400 మిగులుతుంది. జీతగాళ్లు పద్ధతిని ఏటా మార్చుకోవచ్చు, కాకపోతే జూలై 31 గడువులోపు రిటర్ను వేయాలి. వ్యాపార ఆదాయం ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. ఫారం 10-ఐఇఎ ఇచ్చి పాత పద్ధతిలోకి వెళ్తే, తిరిగి కొత్తదానికి రావడానికి ఒక్కసారే వీలు.

ఆఫీసులో ఇచ్చిన పెట్టుబడి వివరాల్లో ఈ రసీదు తీసుకోలేదని కంగారు పడకండి. ఇలాంటి ట్రస్టు విరాళాన్ని రిటర్ను వేసేటప్పుడు మీరే చూపించుకోవాలి.

ప్రశ్న: పాత పద్ధతిలోనే ఉన్నాను. అన్ని ఆదాయాలూ కలిపి రూ.9 లక్షలు. స్కూలు ట్రస్టుకు మార్చిలో లక్ష ఇచ్చాను. సగం, అంటే రూ.50,000 తీసేస్తారనుకుంటే రిటర్ను తయారుచేసినాయన రూ.36,250 అంటున్నారు. ఎవరిది తప్పు?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆయన లెక్క సరైనదే. 80జిలో 'సగం' కంటే ముందు ఇంకో గడప ఉంది. మీ సవరించిన స్థూల ఆదాయంలో 10 శాతానికి మించి ఇచ్చిన సొమ్మును అసలు లెక్కలోకే తీసుకోరు. సవరించడం అంటే 80సి, 80డి (ఆరోగ్య బీమా) వంటివి తీసేయడం. దీర్ఘకాలిక మూలధన లాభాలు, షేర్ల మీద 20 శాతం ప్రత్యేక రేటు పడే స్వల్పకాలిక లాభాలు ఉంటే అవీ తీసేయాలి.

మీకు 80సి రూ.1,50,000, 80డి రూ.25,000 ఉన్నాయని ఆ అంకెను బట్టి తెలుస్తోంది. తొమ్మిది లక్షల్లో అవి పోగా రూ.7,25,000. అందులో 10 శాతం రూ.72,500. దానిలో సగం రూ.36,250. మీకు తగ్గే పన్ను, సెస్‌తో కలిపి రూ.7,540.

మిగిలిన రూ.27,500 వచ్చే ఏడాదికి బదిలీ కాదు, అక్కడితో పోయినట్టే. మార్చిలో రూ.72,500 ఇచ్చి మిగతాది ఏప్రిల్ మొదటి వారంలో ఇచ్చి ఉంటే రెండో ఏడాదిలో దానికీ సగం దక్కేది. పెద్ద మొత్తం ఇవ్వాలనుకున్నవారు ఫిబ్రవరిలోనే ఈ 10 శాతం ఎంతో ఒక కాగితం మీద వేసుకోవాలి. మార్చి 31 సాయంత్రం యుపిఐ చేసే హడావుడిలో ఇది గుర్తుకు రాదు.

రిటర్నులో 80జి పట్టికలు నాలుగు ఉంటాయి. మీలాంటివారి విరాళం 'డి' పట్టికలోకి, అంటే 50 శాతం, పరిమితితో అన్నచోటికి వెళ్లాలి. పొరపాటున 'ఎ'లో, అంటే 100 శాతం పరిమితి లేనిదానిలో వేస్తే మినహాయింపు ఎక్కువ చూపించి తరవాత నోటీసు తెచ్చుకుంటారు. 'డి' పట్టికలో ఎఆర్ఎన్ (విరాళాన్ని గుర్తుపట్టే) నంబరు అడుగుతుంది. అది ఎక్కడ దొరుకుతుందో కింద చెప్పాం.

ప్రశ్న: రూ.5,000 నగదుగా ఇస్తే రూ.2,000 వరకైనా మినహాయింపు వస్తుందా? అలాగే హాస్టలు కట్టడానికి నేను కొనిచ్చిన సిమెంటు బస్తాల బిల్లు చూపించవచ్చా?
– పాఠకుడు, నర్సాపురం

జవాబు: రెండింటికీ రాదు. నగదు రూ.2,000 దాటితే ఆ మొత్తానికే సున్నా. మొదటి రెండు వేలు కూడా దక్కవు. ఈ పరిమితి 2017-18కి ముందు రూ.10,000గా ఉండేది, ఇంకా అదే ఉందనుకుని ఇచ్చేవారు ఉన్నారు. చెక్కు, బ్యాంకు బదిలీ, యుపిఐ ఏదైనా ఫరవాలేదు.

వస్తువు రూపంలో ఇచ్చినదానికీ 80జి లేదు. సిమెంటు, ఇటుకలు, కుర్చీలు, మైకు సెట్టు, కోత పండుగకు పంపిన బియ్యం బస్తా, ఏదైనా సరే. బిల్లు మీ పేరున ఉండటం వల్ల ఇది మారదు. హాస్టలు ట్రస్టుకు 80జి ఉంటే డబ్బు ట్రస్టు ఖాతాకు పంపి, సిమెంటు వాళ్ల పేరునే కొనమనండి. దుకాణదారు, సరుకు, రేటు అన్నీ మీరు చూసినవే కావచ్చు, చెల్లింపు మాత్రం వాళ్ల ఖాతా నుంచి జరగాలి.

పుచ్చుకునేవారికి ఒక మాట. ఒకరి నుంచి ఒకే రోజు, లేదా ఒకే సందర్భానికి రూ.2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే 269ఎస్‌టి సెక్షన్ కింద తీసుకున్నంత మొత్తం జరిమానా పడుతుంది. పడేది ఇచ్చినవారికి కాదు, సంఘానికి. మందిర ప్రతిష్ఠ రోజున స్టేజీ మీద నోట్ల కట్టలు అందుకోవడం ఫొటోకు బాగుంటుంది గానీ ఇలాంటి చిక్కులు తెస్తుంది.

ప్రశ్న: మా సంఘంలో అందరం అయ్యగారి ఫోన్‌పే నంబరుకే కానుకలు పంపుతాం. ఆయన చాలా నిజాయితీపరులు. దీనివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?
– సంఘ పెద్ద, పల్నాడు జిల్లా

జవాబు: ఇబ్బంది ఆయనకే. సొంత ఖాతాలో పడిన సొమ్ము మొదట ఆయన ఆదాయంగానే కనిపిస్తుంది. బంధువులు కాని వారి నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులు అన్నీ కలిపి రూ.50,000 దాటితే, దాటిన భాగం మీదే కాదు, మొత్తం మీద పన్ను పడుతుంది. అది నాది కాదు, సంఘానిది అని రుజువు చేయాల్సిన బరువు ఆయన మీద ఉంటుంది. కానుకలు పడిన రోజే కరెంటు బిల్లూ, ఇంటి సరుకులూ అదే ఖాతా నుంచి కట్టి ఉంటే ఆ రుజువు దాదాపు అసాధ్యం.

సంఘానికి రిజిస్ట్రేషన్, పాన్, ఇద్దరు సంతకం చేసే బ్యాంకు ఖాతా ఉండాలి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాది పెట్టండి. స్కాన్ చేసినప్పుడు తెర మీద వచ్చే పేరు సంఘం పేరా, మనిషి పేరా అన్నది ఇచ్చేవారు చూసుకోవాలి. అయ్యగారికి నెలకు ఇంత అని తీర్మానం రాసి, సంఘం ఖాతా నుంచి ఇవ్వండి. అది ఆయన ఆదాయం, మిగతాది సంఘానిది. మధ్యలో అనుమానానికి చోటుండదు.

ప్రశ్న: మా పాస్టరేట్ (ఒక పాస్టరు కింది సంఘాలు) తరఫున ట్యూషన్ సెంటరు, ఉచిత వైద్య శిబిరాలు నడుపుతున్నాం. దాతలు 80జి అడుగుతున్నారు. ఎలా తెచ్చుకోవాలి? ఏం జాగ్రత్తలు?
– కోశాధికారి, కర్నూలు

జవాబు: సంఘం సొసైటీకే 80జి తెచ్చుకోవాలన్న ఆలోచన మానేయండి. ధర్మకార్యాల కోసం వేరే ట్రస్టు గానీ సొసైటీ గానీ పెట్టండి. డీడ్‌లో (సంస్థ ఏర్పాటు పత్రంలో) ఉద్దేశాలు రాసేటప్పుడే ఫలితం తేలిపోతుంది. 'క్రైస్తవ బాలబాలికల విద్య' అని రాశారా, 80జి పోయినట్టే. పైగా మతానికి పరిమితమైన ధర్మ సంస్థగా 13వ సెక్షన్ కింద సంస్థ సొంత మినహాయింపు కూడా ఊడిపోతుంది. 'కుల, మత, లింగ భేదం లేకుండా' అన్న మాట డీడ్‌లో ఉండాలి. ట్యూషన్ సెంటరు హాజరు పట్టీ చూసినా అదే కనిపించాలి. 'సువార్త ప్రకటన' సంఘం డీడ్‌లో ఉండాల్సిన ఉద్దేశం, ఇక్కడ కాదు.

సంస్థ పేరున పాన్, బ్యాంకు ఖాతా తీసుకున్నాక ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 10ఎ (ఇది పాత చట్టం నంబరు) ద్వారా 12ఎబి, 80జి రెండింటికీ దరఖాస్తు చేస్తారు. మొదట తాత్కాలికంగా మూడేళ్లకు ఇస్తారు. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు, లేదా ఆ గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పటికి ఫారం 10ఎబి వేయాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. మూడేళ్లు ఉన్నాయి కదా అని కూర్చుంటే, శిబిరాలు మొదలై ఆరు నెలలు ఎప్పుడో దాటి ఉంటాయి. రెగ్యులర్ 80జి ఆమోదం అయిదేళ్లకు వస్తుంది, దాన్నీ గడువులోపు పునరుద్ధరించుకోవాలి. తేదీ దాటాక పాత రసీదు పుస్తకం చించి ఇస్తే దాతకు మినహాయింపు రాదు.

రసీదు మీద సంస్థ పేరు, పాన్, 80జి ఆమోదం తాలూకు 16 అక్షరాంకెల నంబరు, తేదీ, దాత పేరు, చిరునామా, పాన్, మొత్తం, ఎలా ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నవి ఉండాలి. 'మూలనిధికి' అని ఇస్తే దాత ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు తరవాత రాసుకుంటే చెల్లదు.

రసీదుతో పని అయిపోదు. ఏడాది మొత్తం విరాళాల పట్టికను ఫారం 10బిడిగా మే 31లోపు పోర్టల్‌లో ఎక్కించాలి. దాని నుంచి ఒక్కొక్క దాతకు ఫారం 10బిఇ అనే ధ్రువపత్రం వస్తుంది. దాతకు అడిగే ఎఆర్ఎన్ నంబరు దాని మీదే ఉంటుంది. ఎంత అందమైన రసీదు ఇచ్చినా 10బిఇ లేకపోతే దాత మినహాయింపు గాల్లో కలిసినట్టే. ఆలస్యానికి రోజుకు రూ.200 రుసుము, ఆ పైన రూ.10,000 నుంచి లక్ష దాకా జరిమానా వేసే వీలుంది. దాత పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆ విరాళం ఆయన లెక్కలోకి వెళ్లదు. సవరించిన 10బిడి వేసి కొత్త 10బిఇ తీసి ఇవ్వాలి. అందుకే విరాళం అందిన రోజే పాన్ కార్డు ఫొటో అడిగి తీసుకోండి. మే నెలలో ఫోన్లు చేసి అడిగితే సగం మంది దొరకరు.

రెండు సంస్థల డబ్బు కలపకపోవడం అన్నిటికంటే ముఖ్యం. 80జి ఉన్న ట్రస్టు తన మొత్తం ఆదాయంలో 5 శాతం వరకే మతపరమైన ఖర్చు చేయొచ్చు. ట్రస్టుకు ఏడాదికి రూ.8 లక్షలు వస్తే అది రూ.40,000. మందిరం పైకప్పు స్లాబు ఆ డబ్బుతో పడదు. ఎదురు దిశలో కూడా కలపకూడదు. కానుకల సంచిలో పేరు లేకుండా పడే డబ్బుకు పూర్తిగా మతపరమైన సంస్థ దగ్గర పన్ను లేదు. అదే సంచిని ధర్మ ట్రస్టు ఖాతాలో కుమ్మరిస్తే, మొత్తం విరాళాల్లో 5 శాతం, లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన అనామక విరాళాల మీద 30 శాతం పన్ను పడుతుంది. సంచి సంఘానిదే, పాన్ ఇచ్చిన విరాళం ట్రస్టుది. ఇద్దరు కోశాధికారులు ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: రసీదు మీద '80జి వర్తిస్తుంది' అని అచ్చు వేసి ఉంది. నమ్మవచ్చా?
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: అచ్చుకు ఏముంది, ప్రెస్‌లో ఏది చెబితే అది వేస్తారు. రసీదు మీది పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. 'పి' అయితే అది ఒక మనిషి పాన్. ట్రస్టుకు 'టి', వ్యక్తుల సమూహానికి 'ఎ' ఉంటుంది. 'పి' కనబడితే అక్కడితో ఆగిపోండి. తరవాత ఆ పాన్‌తో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లోని మినహాయింపు సంస్థల జాబితాలో వెతికి, ఆమోదం మీరు ఇచ్చిన తేదీకి అమల్లో ఉందో లేదో చూసుకోండి. పేరు కూడా అక్షరం అక్షరం కలవాలి. ఒకే డయాసిస్ కింద ఇంచుమించు ఒకే పేరుతో మూడు నాలుగు సొసైటీలు ఉండటం మామూలే. వాటిలో ఆసుపత్రి సొసైటీకి ఆమోదం ఉంటే, పక్కనున్న సంఘానికి ఇచ్చిన డబ్బుకు అది పనికిరాదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఊరి మందిరానికి డాలర్లు పంపుతానంటున్నాడు. అక్కడ పన్ను తగ్గుతుందా? నా ఖాతాకు పంపితే నేను సంఘానికి ఇవ్వవచ్చా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: పన్ను సంగతి తరవాత, ముందు చట్టం సంగతి చూడాలి. అమెరికా పౌరుడు, ఆయన మీ కన్నకొడుకే అయినా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ వనరు. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా అంతే. ఆయన నుంచి మీ ఊరి సంఘం రూపాయి తీసుకోవాలన్నా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. సొమ్ము ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీ సంఘానికి పంచి ఇచ్చే దారి 2020 సవరణతో మూసుకుపోయింది.

మీ ఖాతాకు పంపించడం అడ్డదారి. దగ్గరి బంధువు నుంచి మీరు డబ్బు తీసుకోవచ్చు. ఏడాదికి రూ.10 లక్షలు దాటితే మూడు నెలల్లో తెలియజేయాలి. ఆ వెసులుబాటు మీ కోసం ఇచ్చింది, మిమ్మల్ని గొట్టంలా వాడుకుని డబ్బు సంఘానికి చేర్చడానికి కాదు. అదే మీ అబ్బాయి ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉండి, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. సంఘం దగ్గర పాస్‌పోర్టు నకలు ఉంచుకుంటే చాలు.

ఇక అమెరికా పన్ను. మీ ఊరి సంఘానికి నేరుగా పంపినదానికి అక్కడ మినహాయింపు రాదు, ఎందుకంటే సంస్థ అమెరికాలో ఏర్పడినదై ఉండాలి. తాను ఆదివారం వెళ్లే డాలస్ చర్చికి ఇస్తే వస్తుంది. ఒకసారి 250 డాలర్లు గానీ ఆ పైన గానీ ఇస్తే, రిటర్ను వేసేలోపు చర్చి నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి. ప్రతిఫలంగా ఏ వస్తువూ సేవా ఇవ్వలేదనో, ఆత్మీయ ప్రయోజనం మాత్రమే ఇచ్చామనో అందులో ఉండాలి. ఈ ఒక్క వాక్యం లేక కేసులు పోగొట్టుకున్నవారున్నారు. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి కూడా 2026 నుంచి నగదు విరాళాల మీద ఒంటరికి 1,000, జంటకు 2,000 డాలర్ల వరకు మినహాయింపు మొదలైంది. విడిగా ఖర్చులు చూపించుకునేవారికి మాత్రం ఆదాయంలో 0.5 శాతం దాటిన భాగమే లెక్కకొస్తుంది. ఏడాదికి మించి ఉంచుకున్న, విలువ పెరిగిన షేర్లు ఉంటే అమ్మి డబ్బివ్వడం కంటే షేర్లనే చర్చికి బదిలీ చేయడం లాభం. పెరిగిన విలువ మీద పన్ను తప్పుతుంది, మార్కెట్ విలువకు మినహాయింపు వస్తుంది. మన దేశంలో ఈ కిటుకు పనిచేయదు. 80జికి డబ్బే కావాలి.

ప్రశ్న: వరద సహాయానికి సంఘంలో చందాలు పోగుచేసి ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపాలనుకుంటున్నాం. అందరికీ మినహాయింపు వస్తుందా?
– యువజన సంఘం సభ్యులు, భీమవరం

జవాబు: పోగుచేసి ఒకే చెక్కు పంపితే రసీదు సంఘం పేరున వస్తుంది, మీలో ఎవరికీ ఏమీ రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినదానికి నూటికి నూరు శాతం, 10 శాతం గడప కూడా లేకుండా మినహాయింపు ఉంది. పాత పద్ధతిలో పన్ను కట్టేవారు ఎవరి ఖాతా నుంచి వారు నేరుగా పంపి, ఆ రసీదుల మొత్తాన్ని ఆదివారం సంఘంలో చదివించుకోండి. పన్ను కట్టే అవసరం లేనివారి చందాలు మాత్రం కలిపి పంపండి.

ప్రశ్న: రిటర్ను వేసే ఏజెంటు ఏదో ట్రస్టుకు రూ.80,000 ఇచ్చినట్టు రాసి రిఫండు ఇప్పించారు. నేను ఇచ్చింది మా చర్చికి దశమభాగమే. ఇప్పుడు భయంగా ఉంది.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: భయపడాల్సిన విషయమే, కానీ దిద్దుకునే దారి ఉంది. ఆ రూ.80,000కు సగం, రూ.40,000 మినహాయింపు మీద మీకు 20 శాతం శ్లాబులో మిగిలింది రూ.8,320. తప్పుడు సమాచారంగా తేలితే ఆ పన్ను, వడ్డీ కాక 200 శాతం జరిమానా, అంటే ఇంకో రూ.16,640. సంతకం మీది కాబట్టి ఏజెంటు కట్టడు. ట్రస్టులు వేసే 10బిడి పట్టికలో మీ పాన్ లేదని తెలుసుకోవడం శాఖకు ఒక్క మీట నొక్కినంత పని.

నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్ను వేయండి. పన్ను, వడ్డీ కట్టి, వాటి మీద అదనంగా మొదటి 12 నెలల్లోపైతే 25 శాతం, 24 నెలల్లోపైతే 50, 36లోపైతే 60, 48లోపైతే 70 శాతం కట్టాలి. ఈ నెలలు అసెస్‌మెంటు ఏడాది (ఆదాయం వచ్చిన ఏడాదికి తరవాతి ఏడాది) ముగిసినప్పటి నుంచి లెక్క.

ప్రశ్న: అయిదు సెంట్ల స్థలం మందిరానికి ఇవ్వాలనుకుంటున్నాను. పన్ను లాభం ఉందా? రిజిస్ట్రేషన్ ఎవరి పేరున చేయాలి?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 80జి లేదు. దానంగా ఇస్తే మీకు మూలధన లాభాల పన్ను కూడా లేదు. దాన పత్రం రిజిస్టర్ కావాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, మీరు ఉండగానే సంఘం తరఫున అధికారం ఉన్నవారు స్వీకరించాలి. దాని కోసం సంఘం తీర్మానం నకలు పత్రానికి జత చేయండి. అయ్యగారి పేరున మాత్రం రాయకండి. అలా రాస్తే స్టాంపు విలువ రూ.50,000 దాటిన స్థలం ఆయన ఆదాయం కింద లెక్కకొస్తుంది. రేపు ఆయన బదిలీ అయితే స్థలం ఆయన పేరునే ఉండిపోతుంది, కాలం చేస్తే ఆయన వారసులది అవుతుంది, మందిరానిది కాదు.

ప్రశ్న: కిరాణా కొట్టు ఉంది. చర్చికి ఇచ్చే కానుకను దుకాణం ఖర్చుల్లో రాసుకోవచ్చా?
– పాఠకుడు, చీరాల

జవాబు: రాసుకోకూడదు. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చే ఖర్చు. క్రిస్మస్ క్యాలెండరు మీద మీ కొట్టు పేరు, ఫోన్ నంబరు వేసి సంఘంలో పంచితే, ఆ అచ్చు ఖర్చును ప్రకటన కింద రాసుకోవచ్చు. బిల్లు ప్రెస్ నుంచి మీ కొట్టు పేరునే ఉండాలి.